కండరక్షీణత – వంశానుగతమైన వ్యాధి
(గ్రంథాలయ రజతోత్సవసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ రజతోత్సవసభయందు భారతమును గూర్చి గాని, ప్రబంధములను గూర్చి గాని ప్రసంగింపుమని మిత్రులు కొందరు కోరిరి. అది నాకును ప్రీతికరమైన విషయమే. అయినను గ్రంథాలయము పద్యములకు మాత్రమే ఆలయము గాదు. తెలియనిదానిని తెలిసికొనుటకు ఊరివారందరును కలిసి కట్టుకొన్న యిల్లు ఇది. తెలియకపోవుట చేతనే ఒక తల్లి అత్తవారింట నిందల పాలగుచుండగా, ఒక బాలుడు బడిలో సోమరియని దెబ్బలు తినుచుండగా, ఒక కుటుంబము ఉన్న రెండెకరములను అమ్మి దొంగమందులకు పోయుచుండగా, ఆ తెలియనితనమును కొంతయైనను తొలగించుట మంచి పద్యమును వినిపించుటకంటె తక్కువ పని గాదని తోచినది. అందుచేత నేడు కండరక్షీణత యను వ్యాధిని గూర్చి మనవి చేయ నిశ్చయించితిని. ఇంగ్లీషు వైద్యులు దీనిని మస్క్యులర్ డిస్ట్రోఫీ యందురు. నేను వైద్యుడను గాను, లెక్కలు వ్రాసికొనువాడను. చదివి గ్రహించినదానిని, తెలిసినవారి నడిగి సరిచూచుకొన్నదానిని మీ ముందుంచుచున్నాను. మందు చెప్పుట వైద్యుని పని. విషయము చెప్పుట మాత్రమే నా పని.

ముందుగా వ్యాధిస్వరూపము. ఎముకలను కదలించు కండరములే మన శరీరమున 600కు పైగా కలవు. ఇవి గాక గుండెయు ఒక కండరమే. ఊపిరి పీల్చుటకు ముఖ్యసాధనమైన ఉదరవితానమును కండరమే. పుట్టుకతోనే కండరనిర్మాణమున నొక లోపముండి, ఏండ్లు గడచిన కొలది ఆ కండరములు నశించుచు, వాని స్థానమున క్రొవ్వును నారయు నిండుచుండుట ఈ వ్యాధుల సామాన్యలక్షణము. ఇది అంటువ్యాధి గాదు. ముట్టుకొనుటవలన గాని, కలసి భుజించుటవలన గాని, ఒకే ప్రక్కపై పరుండుటవలన గాని రాదు. తిండి చాలకపోవుటవలన రాదు. గ్రహణమునాడు గర్భిణి వాకిటికి వచ్చుటవలన రాదు. ఎవరి దిష్టివలనను రాదు. ఇది బీజముననే యుండి వచ్చునది.

వ్యాధులని బహువచనమున పలికితిని. ఏలయన ఇది ఒక్క వ్యాధి గాదు, ఒక పెద్ద కుటుంబము. నడుము, భుజముల కండరములను ముందుగా పట్టునది యొకటి. ముఖమును, రెక్కలను పట్టునది యొకటి. పట్టిన పిడికిలి వెంటనే వదలకుండ చేయునది వేరొకటి. వీనిలో బాల్యముననే వచ్చి, త్వరగా ముదిరి, ఎక్కువగా కనబడునది డుషేన్ రకము. ప్రతి 3,500 మొదలు 5,000 వరకు మగశిశువులలో నొకనికి ఇది వచ్చునని వైద్యులు లెక్క కట్టిరి. నేటి ప్రసంగమున దీనినే ప్రధానముగా గైకొనెదను.

ఈ వ్యాధిగల బాలుడు పుట్టినపుడు అందరు బిడ్డలవలెనే యుండును. నడక కొంచెము ఆలస్యముగా వచ్చును. మూడవ యేటను, నాలుగవ యేటను తల్లికి అనుమానము మొదలగును. పిల్లవాడు ఊరక పడుచుండును. తోటివారితో పరుగెత్తలేడు. మెట్టు ఎక్కవలసివచ్చినపుడు గోడను గాని, ప్రక్కవాని భుజమును గాని పట్టుకొనును. మునివేళ్ళపై నడచును. పొట్ట ముందుకును, నడుము లోపలికిని వంగి, నడక బాతునడకయగును. చూచువారిని మోసగించు లక్షణ మొకటి యున్నది. ఈ బాలుని పిక్కలు బలిసి, గట్టిపడి, పహిల్వాను పిక్కలవలె కనబడును. బంధువులు వానిని చూచి, పిల్లవాడు బలముగానే యున్నాడు, ఒళ్ళు వంచుట లేదు అందురు. నిజమునకు అది బలము గాదు. నశించిన కండ నడుమ క్రొవ్వును నారయు చేరుటచే కలిగిన లావు.

వేరొక గుర్తు మిక్కిలి ముఖ్యము. నేలపై కూర్చున్న ఆ బాలుని లెమ్మని చూడుడు. ఆరోగ్యవంతుడగు బిడ్డ ఒక్క ఊపున లేచును. ఈ బాలుడు ముందు బోర్లకు తిరిగి, చేతులను కాళ్ళను నేలపై ఆనించి, పిరుదులను పైకెత్తి, ఒక చేతిని మోకాలిపై, రెండవ చేతిని తొడపై మోపుచు, తన శరీరమును తానే నిచ్చెనగా చేసికొని యెక్కినట్లు లేచును. ఈ లక్షణమునకు గవర్సు అను ఇంగ్లీషు వైద్యుని పేరు పెట్టిరి. ఆయన 1879లో దీనిని విపులముగా వర్ణించెను. తల్లులారా, ఉపాధ్యాయులారా, నేటి నా ప్రసంగమున తక్కినదంతయు మరచినను ఈ గుర్తును మాత్రము మరువకుడు. అయిదేండ్ల బిడ్డ అట్లు లేచుచున్నచో వానిని తిట్టవలదు. వైద్యునికి చూపుడు.

తరువాతి కథ దుఃఖకరమైనది. చికిత్స లేనిచో పది పండ్రెండేండ్లకు నడక పోవును. చక్రముల కుర్చీ అవసరమగును. వెన్నెముక ప్రక్కకు వంగును. యౌవనారంభమునకు ఊపిరికండరములును, గుండెయు బలహీనపడును. పూర్వము ఇరువదవ యేడు దాటినవారు అరుదు. నేడు స్థితి కొంత మారినది, ఆ విషయమును తరువాత చెప్పెదను. బుద్ధి మాత్రము కండతోపాటు క్షీణించునది కాదు. కొందరికి చదువున కొంత మందగమన ముండవచ్చును. కాని తెలివితేటలు గల పెక్కుమంది బాలురు ఈ దేహమున బందీలై యున్నారని మనము గ్రహింపవలెను.

ఇక చరిత్ర. 1836లో ఇటలీదేశమున నేపుల్సు నగరపు వైద్యులిద్దరు అన్నదమ్ములగు బాలురయందు ఈ లక్షణములను వర్ణించిరి. 1851లో మెరియన్ అను ఆంగ్లవైద్యుడు కొన్ని కుటుంబముల బాలురను పరిశీలించి, వ్యాధి నరములయందు గాని వెన్నుపామునందు గాని లేదనియు, కండరపు నారపోగుల పైపొర శిథిలమగుచున్నదనియు చెప్పెను. ఇది ఎంత నిజమో తెలియుటకు నూటముప్పదియేండ్లకు పైగా పట్టినది. ఆ తరువాత 1861లోను, 1868లోను ఫ్రాన్సుదేశీయుడగు డుషేన్ దీనిని విస్తరముగా ప్రకటించెను. ఆయన 1806లో బులోన్ అను సముద్రతీరపు పట్టణమున నావికుల, మత్స్యకారుల వంశమున జన్మించెను. పారిసునకు వచ్చి, వైద్యశాలలలో రోగులను ఓపికతో పరీక్షించుచు కాలము గడపెను. బ్రతికియున్న రోగి కండరమునుండి చిన్న తునకను తీయగల సూదిపరికరము నొకదానిని కల్పించెను. వ్యాధికి ఆయన పేరే నిలిచినది. ముందుగా చూచిన మెరియన్ పేరు గ్రంథములలో నుండిపోయినది. కీర్తి విషయమున లోకపు లెక్క ఎల్లప్పుడును సరిగా నుండదు. 1955లో బెకర్ అను జర్మనువైద్యుడు ఇదే పోలికతో ఆలస్యముగా మొదలై, మెల్లగా నడచు రకమును వేరుచేసి చూపెను. 1987లో అమెరికాదేశమున బోస్టను నగరమునందు కుంకెల్, హాఫ్మన్ ప్రభృతులు ఈ రోగులకు కొరవడిన పదార్థమును కనుగొని, దానికి డిస్ట్రోఫిన్ అని పేరుపెట్టిరి.

ఆ డిస్ట్రోఫిన్ చేయు పని యేమి? మన పెండ్లిపందిటిని తలచుకొనుడు. లోపల రాటలు, పైన తడకలు, రెంటిని బంధించు త్రాడు. గాలి వీచినపుడు త్రాడున్నచో తడక ఊగి ఊరకుండును. త్రాడు లేనిచో చినిగిపోవును. కండరపు నారపోగు లోపల ముడుచుకొని సాగునట్టి తంతువులు రాటలవంటివి. పోగు పైపొర తడకవంటిది. ఆ రెంటిని కలుపు త్రాడు డిస్ట్రోఫిన్. కండరము ముడుచుకొన్న ప్రతిసారియు అది యొక గాలివీపు. త్రాడు లేని పోగు కదలికకు కదలికకు చిరుగుచుండును. చిరిగినచోట లోపలి పదార్థములు రక్తములోనికి కారిపోవును. ఉండరాని సున్నపుధాతువు లోపలికి చొరబడి పోగును చంపును. శరీరము మరమ్మతు చేయును. మరల చిరుగును. కొన్ని సంవత్సరములకు మరమ్మతుశక్తి తరిగిపోయి, కండ యున్నచోట క్రొవ్వును నారయు మిగులును. కదలుటయే కండరమునకు ధర్మము. కదలుటయే దానికి హానికరమగుట ఈ వ్యాధియందలి విషాదము.

ఈ లోపము బిడ్డకు ఎట్లు వచ్చుచున్నది? ఇచ్చట మన ప్రాచీనుల మాట నొకటి స్మరించెదను. సుశ్రుతుడు వ్యాధులను ఏడు తెగలుగా విభజించుచు, మొదటి తెగకు ఆదిబలప్రవృత్తములని పేరుపెట్టెను. అనగా తల్లిదండ్రుల బీజదోషమువలన వచ్చునవి. వానిలో మాతృజములు, పితృజములు అని రెండు విధములు. ఈ విభాగము ఎంతయు శ్లాఘ్యము. కాని ఆయన ఉదాహరణగా చెప్పిన కుష్ఠము వంశవ్యాధి గాదనియు, సూక్ష్మక్రిమివలన వచ్చుననియు నేడు మన మెరుగుదుము. ఆ క్రిమిని హాన్సెన్ 1873లో కనుగొనెను. పెద్దల సూత్రమును గౌరవించుచు ఉదాహరణమును దిద్దుకొనుట వారికి అపచారము గాదు. ఏది బీజమున వచ్చునో, ఏది బయటనుండి వచ్చునో పరీక్షించి చెప్పవలెను గాని, ఊహించి నిందింపరాదు.

మన ప్రతి జీవకణమునందును వంశలిపి వ్రాసియున్న గ్రంథములు 46 కలవు. వానిని క్రోమోసోములందురు. అవి 23 జతలు. ప్రతి జతలో నొకటి తల్లి యిచ్చినది, ఒకటి తండ్రి యిచ్చినది. చివరి జత ఆడ, మగ భేదమును నిర్ణయించునది. స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోసోములు. పురుషునికి ఎక్స్ ఒకటి, వై ఒకటి. డిస్ట్రోఫిన్ను తయారుచేయు ఉత్తరువు ఎక్స్ క్రోమోసోముపై వ్రాయబడి యున్నది. లెక్కల భాషలో చెప్పవలెనన్న, స్త్రీయొద్ద చిట్టాకు రెండు ప్రతులున్నవి. ఒకదానియందు తప్పు పడినను రెండవప్రతి చూచి పని నడచును. పురుషునియొద్ద ఒక్క ప్రతియే. దానియందు తప్పు పడినచో దిద్దుటకు వేరు ప్రతి లేదు. అందుచేతనే వ్యాధి సాధారణముగా మగపిల్లలకే వచ్చును. లోపపుప్రతి యొకటి గల స్త్రీని వాహకురాలందురు. ఆమె చాలవరకు ఆరోగ్యముగానే యుండును. కొందరు వాహకులకు మాత్రము కొంత నీరసము గాని, గుండెకండరమున దౌర్బల్యము గాని కలుగవచ్చును. కాబట్టి వారును గుండెపరీక్ష చేయించుకొనవలెను.

వాహకురాలగు తల్లికి పుట్టు ప్రతి కుమారునికిని వ్యాధి రావచ్చుననుటకు సగము పాలు, రాదనుటకు సగము పాలు. ప్రతి కుమార్తెయు వాహకురాలగుటకు సగము పాలు. ఈ లెక్కను చాలమంది తప్పుగా గ్రహింతురు. మొదటివానికి వచ్చినది గనుక రెండవవానికి రాదని ధైర్యపడుదురు. అది సరిగాదు. రూపాయి బిళ్ళను ఎగురవేసినపుడు మొదట బొమ్మ పడినది గనుక ఈసారి బొరుసు పడవలెనను నియమము లేదు గదా! ప్రతి కాన్పును క్రొత్త లెక్కయే.

ఇంకొక విషయము. సుమారు మూడింట ఒకవంతు రోగుల విషయమున తల్లి వాహకురాలు గానే కాదు. లోపము ఆ బిడ్డయందే క్రొత్తగా పుట్టినది. దీనికి కారణము ఆ జన్యువుయొక్క పరిమాణము. ఇంతవరకు తెలిసిన మానవజన్యువులలో మిక్కిలి పొడవైనవానిలో ఇది యొకటి. సుమారు 22 లక్షల అక్షరములు దాని నిడివి. అందు ఉత్తరువుగా పనికివచ్చునవి 79 ఖండములలో సుమారు 11,000 అక్షరములు మాత్రమే. అంత పెద్ద గ్రంథమును తరతరమునకు నకలు వ్రాయునపుడు లేఖకప్రమాదములు జరుగుట వింత గాదు. తాళపత్రములను నకలు చేసిన మన లేఖకుల చేతిలో ఎన్ని పాఠభేదములు పుట్టలేదు!

డుషేన్, బెకర్ రకములకు భేదమేమని కొందరడుగవచ్చును. ఛందస్సు తెలిసినవారికి ఇది సులభము. వంశలిపిని శరీరము మూడేసి అక్షరముల గణములుగా విడదీసి చదువును. ‘కమల వనము నడుమ నెమలి నిలిచె’ అని యొక వాక్యమున్నదనుకొనుడు. ప్రతి పదమును మూడక్షరములది. ‘నడుమ’ అను పదము మొత్తము జారిపోయినచో ‘కమల వనము నెమలి నిలిచె’ అగును. కొంత లోపించినను అర్థము నిలిచినది. ఇది బెకర్ రకము. డిస్ట్రోఫిన్ పొట్టిదై కొంత పని చేయును. అట్లుగాక ‘వనము’లోని ‘న’ యొక్కటియే జారినచో, ‘కమల వమున డుమనె మలిని లిచె’ అగును. జారినది ఒక్క అక్షరమైనను గణము తప్పి అటుపై అంతయు అర్థశూన్యమైనది. ఇది డుషేన్ రకము. ఎక్కువ పోయినవాడు నడచుచుండుటకును, తక్కువ పోయినవాడు కూలబడుటకును కారణ మిదియే. ఇప్పుడు మిగిలిన ‘వ’ను, ‘ము’ను గూడ మనమే కొట్టివేసితిమనుకొనుడు. ‘కమల నడుమ నెమలి నిలిచె’ అని మరల గణము కుదిరినది. క్రొత్త ఔషధములలో నొక తెగ ఈ యుపాయముమీదనే పుట్టినది. అట్టి మొదటి మందునకు అమెరికాయందు 2016లో అనుమతి లభించినది. అయితే అట్టి మందు ఆ ప్రత్యేకస్థానమున లోపముగల కొందరికే పనికివచ్చును. దానివలని మేలును ఇంకను కొలుచుచునే యున్నారు.

ఇక మన యిండ్లలో ముఖ్యముగా ఆలోచింపవలసిన రెండు విషయములు.

మొదటిది తల్లిని నిందించుట. క్షేత్రము చెడ్డదగుటచే పంట చెడినదని కోడలిని దూషించి, కొడుకునకు మారుమనువు చేయదలచు అత్తమామలు గలరు. వారికి నా మనవి. వాహకురాలు తాను వాహకురాలనని యెరుగదు. ఆమెకు ఆ లోపము ఆమె తల్లినుండి రావచ్చును. ఒక్కొక్కప్పుడు ఆమె తండ్రి బీజముననే క్రొత్తగా పుట్టియుండవచ్చును. ఎవరును కోరి యిచ్చినది గాదు, కోరి పుచ్చుకొన్నదియు గాదు. మనలో ప్రతివాని వంశలిపియందును ఏవో కొన్ని తప్పులు దాగియే యుండును. వానికి రెండవప్రతి యుండుటచేత మన గుట్టు దాగినది, అంతే. తన గుట్టు దాగినవాడు ఎదుటివారి గుట్టు బయటపడినదని నవ్వుట ధర్మము గాదు.

రెండవది మేనరికము. డుషేన్ వ్యాధి విషయమున మేనరికమునకు ప్రసక్తి లేదు. వాహకురాలు మేనబావను చేసికొన్నను, పరదేశిని చేసికొన్నను కుమారునికి గల పాలు సగమే. కావున మేనరికము మానినంతమాత్రమున ఈ వ్యాధి మానదు. అట్లని మేనరికము నిరపాయమనియు చెప్పరాదు. నడుము, భుజముల కండరములను పట్టు రకములలో పెక్కింటికి తల్లి యొద్దనుండి ఒకటి, తండ్రి యొద్దనుండి ఒకటి, రెండు లోపపుప్రతులు కలిసినగాని వ్యాధి రాదు. అట్టి లోపము ఇరువురియందును దాగియున్నచో ప్రతి బిడ్డకును నాల్గింట ఒకపాలు ప్రమాదము. ఆడబిడ్డ, మగబిడ్డ అను భేదము లేదు. మేనబావ, మరదళ్ళ వంశలిపి ఎనిమిదింట ఒకపాలు సమానము. మేనమామ, మేనకోడళ్ళకు నాల్గింట ఒకపాలు సమానము. ఒకే పాతతప్పు ఇద్దరియొద్దను ఉండుటకు అంత యెక్కువ అవకాశమన్నమాట. పొలము బయటకు పోరాదని మేనమామకు పిల్ల నిచ్చువారు ఈ లెక్కను గూడ వేసికొనవలెను.

వ్యాధి యున్నదని యెట్లు తెలియును? మొదటిది రక్తపరీక్ష. క్రియేటిన్ కైనేస్ అను పదార్థము చిరిగిన కండరములనుండి రక్తములోనికి కారును. ఆరోగ్యవంతులకు అది రెండు వందల లోపున నుండగా, ఈ బాలురకు వేలసంఖ్యలో నుండును. ఇచ్చట నొక జాగ్రత్త చెప్పవలెను. కాలేయవ్యాధులలో పెరుగు కొన్ని పదార్థములు కండరములనుండియు కారును. అది గ్రహింపక బిడ్డకు కాలేయరోగమని నెలల తరబడి మందులు పోయుట జరుగుచున్నది. తరచు పడు బాలునికి కాలేయపు లెక్క పెరిగినదన్నపుడు, ఈ రెండవ లెక్కను గూడ చూడుమని వైద్యుని అడుగుడు. తరువాత జన్యుపరీక్షవలన లోపము ఏ ఖండమునందున్నదో నిశ్చయముగా తెలియును. హైదరాబాదునందు నిజాం వైద్య విజ్ఞానసంస్థ, సి.డి.ఎఫ్.డి. యను జన్యుపరిశోధనకేంద్రము, బెంగుళూరునందు నిమ్హాన్స్ వైద్యసంస్థ ఇట్టి పనికి ప్రసిద్ధములు. బాలునికి నిర్ధారణయైన వెంటనే తల్లికిని, ఆమె వాహకురాలైనచో ఆమె అక్కచెల్లెండ్రకును పరీక్ష చేయింపవలెను. తల్లి రక్తమున లోపము కనబడకున్నను ఆమె అండములలో కొన్నిటియందు దాగియుండవచ్చును గనుక, మరల గర్భము ధరింపక ముందే జన్యువైద్యుని సలహా పొందుట మేలు. గర్భస్థశిశువు ఆడో మగో తెలిసికొని చెప్పుటను 1994నాటి చట్టము నిషేధించినది. కాని ఇట్టి వంశవ్యాధులను గుర్తించుటకు అనుమతిపొందిన కేంద్రములలో పరీక్ష చేయించుకొనుటను అదే చట్టము అంగీకరించినది.

చికిత్స మాటకు వత్తము. పూర్తిగా నయముచేయు మందు ఇంకను లేదు. ఈ మాటను నేను దాచను. కాని నయముకాని వ్యాధి వేరు, చేయదగినది లేని వ్యాధి వేరు. ప్రెడ్నిసొలోన్, డెఫ్లజకార్ట్ అను మందులు వైద్యుని పర్యవేక్షణమున వాడినచో నడక మరి కొన్నియేండ్లు నిలుచును. ఒళ్ళు వచ్చుట, ఎముకలు గుల్లగుట, ఎత్తు పెరుగకుండుట వాని దోషములు. వానిని హఠాత్తుగా ఆపుట ప్రాణాపాయకరము. పాదములు బిగిసిపోకుండ దినమును మెల్లగా సాగదీయుట, రాత్రులందు పాదములకు ఊతపట్టీలు కట్టుట, పది యేండ్లకే గుండెమందు మొదలిడుట, ఊపిరి తగ్గినపుడు రాత్రి గాలియంత్రమును అమర్చుట, ఇవన్నియు కలిసి నేడు ఈ బాలురను ఇరువదులు దాటించి ముప్పదులలోనికి గొనిపోవుచున్నవి. ఏదేని శస్త్రచికిత్స చేయవలసివచ్చినచో వ్యాధి సంగతి మత్తువైద్యునికి ముందుగా చెప్పితీరవలెను. కొన్ని మత్తుమందులు వీరికి ప్రాణాంతకములు.

కండలు పెరుగునని గుంజీలు తీయించుట, బస్కీలు తీయించుట, బరువులు మోయించుట కూడదు. చిరుగుచున్న తడకపైకి మరింత గాలిని తోలుటవంటిది అది. ఉపాధ్యాయులు ఈ మాటను ముఖ్యముగా గమనింపవలెను. మెల్లగా ఈదుట, అలసట కలుగకుండ నడచుట మంచివి.

2023లో అమెరికాయందు పొట్టి డిస్ట్రోఫిన్ జన్యువును సూక్ష్మవైరసులో నుంచి శరీరమునకు ఎక్కించు చికిత్సకు అనుమతి యిచ్చిరి. దాని వెల 32 లక్షల డాలర్లు. 2025లో అది పొందిన నడవలేని బాలురు కాలేయము చెడి మరణించుటచే దాని వాడుకను కుదించిరి. ఆశ గలదు, అపాయమును గలదు. ఈ యాశను అమ్ముకొనువారు మన దేశమున గలరు. మూలకణముల సూదితో నడిపింతుమని లక్షలు గుంజుదురు. పరిశోధనకు వెలుపల ఇట్టి సూదులు వేయరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017నాటి మార్గదర్శకములలో స్పష్టముగా చెప్పినది. నయమైనదని పత్రికలో ప్రకటన చూచినంతనే భూమి కాగితములు తాకట్టు పెట్టవలదు. పొలము పోయినచో తిరిగి రాదు. ఆ బిడ్డ దినదినసేవకు కావలసిన ధనము ఆ పొలముననే యున్నది.

2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 లోపములను గుర్తించినది. వానిలో కండరక్షీణత పేరు చెప్పి చేర్చబడినది. నూటికి 40 పాళ్ళకు తగ్గని లోపమున్నట్లు ధ్రువపత్రము గల బాలునికి 6 మొదలు 18 ఏండ్ల వరకు సమీప పాఠశాలలో ఉచితవిద్య హక్కుగా లభించును. ఇది ఎవరి దయయు గాదు. నడక పోయినదని బడి మాన్పించుట ఈ బిడ్డలకు మనము చేయు రెండవ అన్యాయము. కాళ్ళు పోయినవానికి అక్షరమే కాలు.

మహాభారతారణ్యపర్వమున అష్టావక్రుని కథ మీరెరుగుదురు. ఎనిమిది వంకరలతో పుట్టినవాడు. ఆ వంకరలకు తండ్రి శాపము కారణమని కథ. తల్లి సుజాత దోషము లేదు. జనకుని యాగశాలకు వాదము చేయ వచ్చిన ఆ బాలుని ద్వారపాలకుడు వాకిటనే ఆపెను. జ్ఞానము వయస్సును బట్టి గాని, శరీరమును బట్టి గాని యుండదని వాదించి ఆ బాలుడు లోపలికి పోయెను, వందిని గెలిచెను, జలమున మునిగియున్న తండ్రిని విడిపించెను. పిమ్మట సమంగానదిలో స్నానమాడి అవయవముల వంకరలు పోగొట్టుకొనెను. మన బాలురకు అట్టి సమంగానది ఇంకను దొరకలేదు. శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. ఆ నదిని త్రవ్వుట మన చేతిలో లేదు. కాని వాకిలి తెరచుట మన చేతిలోనే యున్నది.

అందుచేత గ్రంథాలయ కార్యవర్గమువారికి ఒక లెక్క సమర్పించుచున్నాను. మన గ్రంథాలయపు అరుగునకు మూడు మెట్లున్నవి. నేలనుండి ఎత్తు అడుగున్నర. అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు చొప్పున వాలుబాట వేసినచో చక్రముల కుర్చీ సుఖముగా ఎక్కును. అనగా 18 అడుగుల వాలుబాట. తూర్పుప్రక్క వేపచెట్టు వరకు స్థలము చాలును. ఇటుక, సిమెంటు చందాలతో వచ్చును, పని మన చేతులతో జరుగును. ఇక మంచము దిగలేనివారి మాట. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువపై పడవలో గ్రంథములు పంపించి ఊరూర చదివించిరి. కాలువలు దాటి పోయిన పుస్తకము మన వీధులు దాటి పోలేదా? వారమున కొకసారి సైకిలుపై ఒక సంచి చాలును.

రజతోత్సవము గడచినది. స్వర్ణోత్సవమునాటికి మనలో ఎవరముందుమో చెప్పజాలము. కాని ఆనాటి సభయందు చక్రముల కుర్చీలో ఆ వాలుబాటమీదుగా వచ్చిన యువకు డొకడు ఈ వేదికపైనుండి ఉపన్యసించుచుండగా వినుభాగ్యము ఈ గ్రామమునకు కలుగుగాక యని కోరుచున్నాను.